జర్మన్ శిలువా, ఆస్ట్రియన్ పతకమా? మొదటి కొనుగోలుకు ముందు తేల్చుకోవలసినవి

పాత యూరోపియన్ యుద్ధ పతకాలు సేకరించాలని ఉందంటూ వచ్చేవారు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: ఏది విలువైనది? నేను తిరిగి అడిగేది వేరు. ఒక భూతద్దం, ఒక సున్నితపు త్రాసు, ఒక అయస్కాంతం మాత్రమే దగ్గర ఉంటే, ఇంట్లో కూర్చుని మీరు ఏ పతకాన్ని అసలుదని స్వయంగా తేల్చుకోగలరు? మొదటి కొనుగోలు దానితోనే మొదలుపెట్టండి. విలువ సంగతి తరువాత చూసుకోవచ్చు. ఈ వ్యాసంలో ఒక పతకాన్ని మెచ్చుకున్నా, వద్దన్నా, నేను పెట్టుకున్న కొలమానం ఇదే.

మన దగ్గర కొన్ని ఇళ్లలో ముత్తాతల కాలపు బ్రిటిష్ పతకాలు ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, వెళ్లిన మద్రాస్ శాపర్ల (సైన్యపు ఇంజనీరింగ్ దళం) పతకాలు అలాంటివే. వాటి అంచు తిప్పి చూస్తే సైనికుడి నంబరు, పేరు, పటాలం కొట్టి ఉంటాయి. ఆ అలవాటుతో జర్మన్, ఆస్ట్రియన్ పతకాలు చేతిలోకి తీసుకుంటే నిరాశ తప్పదు. వాటిలో అత్యధిక భాగం పేరు లేనివి. అంచు మీద ఏదైనా ఉంటే అది టంకశాల గుర్తో, వెండి నాణ్యత గుర్తో అయి ఉంటుంది. అందువల్ల ఇక్కడ పని రెండు పాళ్లు: లోహాన్ని లోహంగా పరీక్షించాలి, మనిషిని కాగితాల్లో వెతకాలి.

రెండు సామ్రాజ్యాలు, రెండు స్వభావాలు

1918 వరకు జర్మనీ రాజ్యాల సమాఖ్య. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వూర్టెంబర్గ్ ఎవరి పతకాలు వారు ఇచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హాంబుర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ నగరాలు కూడా తమ సొంత శిలువలు ఇచ్చాయి. ఈ వైవిధ్యమే జర్మన్ సేకరణకు అందం. కొత్తవారిని చిక్కుల్లో పడేసేదీ అదే. ఒక్కొక్క రాజ్యానికి ఒక్కొక్క రిబ్బన్, ఒక్కొక్క తయారీదారు, ఒక్కొక్క నియమం నేర్చుకోవాలి.

ఆస్ట్రియా వైపు చూస్తే చక్రవర్తి ఒక్కడే. పతకం మీద ఆయన ముఖమో, పేరో ఉంటుంది కాబట్టి కాలం చెప్పడం సులువు. ఫ్రాంజ్ జోసెఫ్ 1848 నుంచి 1916 నవంబరు 21న మరణించే దాకా ఏలాడు, తరువాత రెండేళ్లు కార్ల్. రిబ్బన్‌ను త్రికోణంగా మడిచి కుట్టే పద్ధతి ఉండడంతో ఆస్ట్రియన్ పతకాన్ని గది అవతలి నుంచే గుర్తుపట్టవచ్చు. నేర్చుకోవడం మొదలుపెట్టేవారికి నేను ఆస్ట్రియానే సూచిస్తాను. ఐదారు రకాలు బాగా తెలుసుకుంటే మార్కెట్లో కనబడే వాటిలో చాలా భాగం అర్థమైపోతుంది.

పతకం వెనకున్న మనిషిని వెతకాలనే కోరిక మీకుంటే, మరో తేడా కూడా తెలియాలి. ప్రష్యన్ సైన్యపు దస్తావేజులు పోట్స్‌డామ్‌లోని సైనిక అభిలేఖాగారంలో ఉండేవి. 1945 ఏప్రిల్ 14 రాత్రి జరిగిన బాంబు దాడిలో వాటిలో అధిక భాగం కాలిపోయింది. బవేరియన్ సైన్యం నమోదు పుస్తకాలు మ్యూనిక్‌లో బతికాయి. ఆస్ట్రియా పతకాల సిఫారసు పత్రాలు వియన్నా యుద్ధ అభిలేఖాగారంలో ఉన్నాయి. అయితే సామ్రాజ్యం విడిపోయినప్పుడు చాలామంది సైనికుల వ్యక్తిగత నమోదు పత్రాలు కొత్తగా ఏర్పడిన దేశాలకు వెళ్లిపోయాయి. ఒక ప్రష్యన్ సైనికుడి ఇనుప శిలువ, ఒక బవేరియన్ సైనికుడి శిలువ ఒకే ధరకు దొరికి, రెండింటికీ పేరున్న కాగితం తోడుంటే, నేను రెండో ఆలోచన లేకుండా బవేరియన్‌దే తీసుకుంటాను. ఆ పేరును వెతకడానికి ఇంకా ఒక తలుపు తెరిచి ఉంది.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే

ఇక్కడ పోటీ మూడింటి మధ్య: కార్ల్ సైనిక శిలువ, 1870-71 యుద్ధ స్మారక పతకం, హిండెన్‌బర్గ్ శిలువ.

కార్ల్ సైనిక శిలువను జర్మన్‌లో కార్ల్ ట్రూపెన్‌క్రాయిట్స్ అంటారు. 1916 డిసెంబరు 13న కార్ల్ చక్రవర్తి స్థాపించాడు. యుద్ధరంగంలో 12 వారాలు గడిపి, పోరులో పాల్గొన్నవారికి, సిపాయి అయినా సేనాధిపతి అయినా ఒకే రకం ఇచ్చారు. దాదాపు 6.5 లక్షల మందికి అందింది. యుద్ధం చివరి రోజుల పేదరికం దాని ఒంటి మీదే కనబడుతుంది: రాగి కూడా మిగలక జింకుతో చేశారు. ముందు వైపు "గ్రాటి ప్రిన్సెప్స్ ఎట్ పాట్రియా", అంటే కృతజ్ఞులైన ప్రభువు, మాతృభూమి అని. వెనుక "విటామ్ ఎట్ సాంగ్వినెమ్", ప్రాణాన్నీ రక్తాన్నీ అని. రోమన్ పద్ధతిలో "యు" రావలసిన చోట "వి" అక్షరం చెక్కి ఉంటుంది. వెనుక రెండు కిరీటాలు, ఒకటి ఆస్ట్రియాది, మరొకటి హంగరీది. అసలు ముక్క బూడిద రంగులో, కొంచెం పొడిబారినట్లు ఉంటుంది. వెండిలా తళతళలాడుతుంటే అనుమానించండి. ధర కొన్ని పదుల యూరోలు దాటదు కాబట్టి దీనికి నకిలీ చేసి బాగుపడేవాడు తక్కువ.

1870-71 పతకం ప్రష్యా రాజు, అప్పటికే జర్మన్ చక్రవర్తి అయిన మొదటి విల్హెల్మ్ 1871 మే 20న స్థాపించినది. పోరాడినవారికి కంచు, పోరాడని సిబ్బందికి ఉక్కు. కంచు పతకం ఫ్రెంచివారి నుంచి పట్టుకున్న ఫిరంగులను కరిగించి చేసినది. ఆ మాటే అంచు మీద చెక్కి ఉంటుంది: "అవుస్ ఎరోబెర్టెమ్ గెష్యుట్స్", జయించి తెచ్చిన ఫిరంగి నుంచి. కొనేముందు అంచు ఫొటో అడగండి. కంచు పతకానికి ఆ అక్షరాలు లేకపోతే అది సర్కారు ఇచ్చినది కాదు. ఒక్క ఫొటోతో ఇంత స్పష్టంగా తేలే పతకం జర్మన్ సేకరణలో నాకు మరొకటి తోచదు. అయితే రిబ్బన్ మీద సెడాన్, పారిస్ వంటి యుద్ధాల పేర్లున్న పట్టీలు ఉంటే జాగ్రత్త. ఆ పట్టీలను 1895లో, యుద్ధానికి 25 ఏళ్లు నిండిన సందర్భంగా ప్రవేశపెట్టారు. విడిగా దొరుకుతాయి కాబట్టి, ఎవరైనా తెచ్చి తొడిగి ధర పెంచవచ్చు.

హిండెన్‌బర్గ్ శిలువ మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన వారికోసం 1934 జులై 13న వచ్చింది. రంగంలో పోరాడినవారికి కత్తులున్నది, మిగిలినవారికి కత్తులు లేనిది, మరణించిన వారి తల్లిదండ్రులకు, భార్యలకు నల్ల రంగుది. లక్షల సంఖ్యలో పంచారు. వెనుక తయారీదారు గుర్తు ఉంటుంది. దాని మీద స్వస్తిక్ లేదు కాబట్టి అమ్మకాలలో చట్టపు చిక్కులు తక్కువ. కానీ ఇచ్చింది నాజీ ప్రభుత్వం నడుస్తున్న కాలంలో, దరఖాస్తు పెట్టుకున్నవారికి. యుద్ధరంగపు వస్తువు కావాలనుకునేవారికి అది తృప్తినివ్వదు.

నా ఎంపిక: మొదట కార్ల్ శిలువ, రెండవది అంచు అక్షరాలున్న 1870-71 కంచు పతకం. ఈ రెండింటినీ ఆరు నెలలు చేతిలో పెట్టుకుని చూడండి. జింకు పాతబడితే ఎలా ఉంటుందో, ఫిరంగి కంచు గోధుమ రంగు ఎంత నెమ్మదిగా లోతుకు దిగుతుందో మీ కళ్లకు అలవాటవుతుంది. ఆ అలవాటును ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఫ్రాంజ్ జోసెఫ్ యాభై ఏళ్ల పాలనకు 1898లో ఇచ్చిన "సిగ్నుమ్ మెమోరియె" పతకం కూడా చవకగా, విరివిగా దొరుకుతుంది. కానీ అది ఉత్సవ జ్ఞాపిక. యుద్ధంతో సంబంధం లేదు.

ఇనుప శిలువ: అందరూ కోరేది, అందుకే అందరూ చేసేది

ఐసర్నెస్ క్రాయిట్స్, ఇనుప శిలువ. నెపోలియన్ మీద పోరాటానికి 1813 మార్చి 10న మూడవ ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రాజు దీన్ని స్థాపించాడు. రూపకల్పనలో వాస్తుశిల్పి షింకెల్ హస్తం ఉంది. 1870, 1914, 1939 సంవత్సరాల్లో మళ్లీ ప్రకటించారు. 1914 రకం రెండవ తరగతి శిలువలు 50 లక్షలకు పైగా ఇచ్చారని అంచనా. మొదటి తరగతి సుమారు 2,18,000. కనుక రెండవ తరగతి ఏమీ అరుదు కాదు. అరుదైనదని చెప్పి అమ్మేవారి నుంచి దూరం జరగండి.

మొదట తీరవలసిన అయోమయం సంవత్సరం గురించి. 1914 శిలువ వెనుక వైపు ఓక్ ఆకులు, పాత రాజు పేరు మొదటి అక్షరాలు, 1813 అనే అంకె ఉంటాయి. ముందు వైపు కిరీటం, మధ్యలో విల్హెల్మ్ మొదటి అక్షరం, కింది బాహువు మీద 1914. కొందరు వెనుక వైపు ఫొటో మాత్రమే పెట్టి నెపోలియన్ కాలపు శిలువ అని అమ్ముతారు. నిజమైన 1813 శిలువలు చాలా కొద్దిగా మిగిలాయి. అవి మామూలు దుకాణాల్లో తిరగవు.

ఇక నిర్మాణం. అసలు శిలువ మూడు ముక్కలు: నల్ల రంగు వేసిన ఇనుప పలక, దానికి ముందూ వెనుకా వెండి చట్రపు సగాలు. ఆ రెండు సగాలను పలక చుట్టూ పెట్టి అంచున టంకం వేశారు. భూతద్దంతో అంచు చుట్టూ తిరిగి చూడండి. సన్నని అతుకు గీత కనబడాలి, దాన్ని ఆకురాయితో చదును చేసిన జాడలు కనబడాలి. ఒకే ముక్కగా పోత పోసి, బాహువులకు నల్ల రంగు, అంచుకు వెండి రంగు వేసిన నకిలీలో ఈ అతుకు ఉండదు, లేదా దొంగ గీత ఒకటి గీసి ఉంటుంది. చట్రం లోపలి వరుసలో చిన్న చిన్న పూసల్లాంటి గింజలు ఉంటాయి. అచ్చుతో కొట్టిన వాటిలో ప్రతి గింజ విడివిడిగా, మొనదేలి నిలబడుతుంది. పోతలో అవి కలిసిపోయి, అన్నం మెతుకులు ముద్దకట్టినట్లు ఉంటాయి. రెండవ తరగతి శిలువ వెడల్పు సుమారు 42 మిల్లీమీటర్లు. అసలు ముక్క నుంచి మూస తీసి పోసిన నకలు లోహం చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి, కొలత తగ్గడం కూడా ఒక సాక్ష్యం.

అయస్కాంతం మధ్య పలకకు పట్టాలి. కానీ దీన్ని ఒక్కటే నమ్ముకోకండి. ఇనుప పలకతో చేసిన నకిలీలు ఉన్నాయి, ఇనుము కాని పలకతో చేసిన అసలు శిలువలూ అరుదుగా ఉన్నాయి. అయస్కాంతం పట్టకపోతే మిగతా పరీక్షలు రెట్టింపు శ్రద్ధతో చేయండి. అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

తుప్పు ఎక్కడుందో చూడండి. రంగు లేచిన చోట, గింజల మూలల్లో ఇనుము సన్నగా గోధుమ రంగుకు తిరుగుతుంది. వెండి చట్రం మాత్రం బూడిద, నలుపు రంగుల్లో మాగుతుంది. పలక మీద, చట్రం మీద, రింగు మీద ఒకే ఎర్రటి తుప్పు సమానంగా పరుచుకుని ఉంటే ఎవరో ద్రావకం పూసి తొందరపెట్టారు.

రిబ్బన్ తగిలించే రింగు మీద తయారీదారు గుర్తు ఉండవచ్చు. ఆ గుర్తుకు ఎక్కువ ధర పెట్టకండి. రింగు తీసి మార్చడం నిమిషం పని. శిలువ ఏ కార్ఖానాదో రింగు చెబుతున్నది, కిరీటం ఆకారం, 1914 అంకెల తీరు చెబుతున్నది ఒకటేనా అని సరిపోల్చండి. రెండూ కలిస్తేనే నమ్మండి.

మొదటి తరగతి శిలువ ఛాతీకి పిన్నుతో పెట్టుకునేది. వెనుక భాగం నునుపుగా ఉంటుంది, కొన్నింటి మీద వెండి నాణ్యత అంకె 800 కనబడుతుంది. రెండవ తరగతికంటే ఎన్నో రెట్లు తక్కువ ఇచ్చారు, ధర ఎక్కువ, నకిలీ కూడా ఎక్కువే. నేను మోసపోయింది దీనితోనే. ఒక సంతలో 800 గుర్తు చూసి సంబరపడి, అంచు చూడకుండా తీసుకున్నాను. ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెడితే అతుకు లేదు, గింజల మధ్య పోత బుడగలున్నాయి. 800 అన్న గుర్తు కొట్టడానికి ఒక ఉలి చాలు. అప్పటి నుంచి గుర్తు చూసే ముందు అంచు చూడడం నాకు నియమమైంది.

గుర్తుల విషయంలోనే ఇంకొక మాట. జర్మనీలో వెండి మీద నెలవంక, కిరీటం గుర్తులు 1884 నాటి చట్టం ప్రకారం 1888 నుంచి అమల్లోకి వచ్చాయి. 1870 నాటిదని చెప్పిన వస్తువు మీద అవి ఉంటే, అది ఆ తరువాత చేసినదే. అంతమాత్రాన నకిలీ కాదు. పాత సైనికుడు పోగొట్టుకున్న పతకం బదులు వెండిపనివాడి దగ్గర మరొకటి చేయించుకుని ఉండవచ్చు. అందుకే ఈ రంగంలో "అసలు, నకిలీ" అనే రెండు గదులు చాలవు. ప్రభుత్వం ఇచ్చినది, ఆ సైనికుడి జీవితకాలంలోనే సొంత డబ్బుతో కొనుక్కున్నది, తరువాత సేకర్తలకోసం చేసినది అని మూడు గదులు కావాలి. రెండో గదిలోని వస్తువును మొదటి గది ధరకు అమ్ముతున్నారా అన్నదే మీరు చూసుకోవలసింది.

1957లో పశ్చిమ జర్మనీ చట్టం తెచ్చి, రెండవ ప్రపంచ యుద్ధపు పతకాలను స్వస్తిక్ లేకుండా ధరించడానికి అనుమతించింది. స్వస్తిక్ స్థానంలో ఓక్ ఆకులున్న 1939 శిలువ కనబడితే అది 1957 తరువాతి అధికారిక రూపం. నకిలీ కాదు, యుద్ధకాలపుదీ కాదు.

ధైర్య పతకం: నా మనసు ఇటే

ఆస్ట్రియన్ టాప్‌ఫెర్కైట్స్‌మెడాలియె, అంటే ధైర్య పతకం, 1789 జులై 19న రెండవ జోసెఫ్ చక్రవర్తి స్థాపించాడు. ఈ పతకం అధికారులకు కాదు, మామూలు సిపాయిలకూ వారిపై చిన్న హోదాలవారికీ పెట్టినది. యుద్ధరంగంలో ఒక రైతు బిడ్డ చేసిన సాహసానికి చక్రవర్తి ముఖమున్న వెండి ఇచ్చి, దానితో పాటు నెలనెలా భత్యం కూడా ఇచ్చారు. బంగారు, వెండి పతకాలకు భత్యం ఉండేది. 1915 ఫిబ్రవరిలో చేర్చిన కంచు పతకానికి లేదు. 1917లో కార్ల్ అధికారులకు కూడా బంగారు, పెద్ద వెండి పతకాలు ఇవ్వడానికి అనుమతించాడు. వారి రిబ్బన్ మీద ఆయన పేరులోని మొదటి అక్షరం ఉంటుంది.

ఇనుప శిలువతో పోలిస్తే దీన్ని పరీక్షించడం నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. కారణం: ఇది ఒకే లోహపు గుండ్రని బిళ్ల. అతుకులు లేవు, పొరలు లేవు. బంగారు, పెద్ద వెండి పతకాలు 40 మిల్లీమీటర్లు, చిన్న వెండి, కంచు పతకాలు 31 మిల్లీమీటర్లు. ఫ్రాంజ్ జోసెఫ్ కాలపు వాటి వెనుక జర్మన్‌లో "డేర్ టాప్‌ఫెర్కైట్" అని, కార్ల్ కాలపు వాటి వెనుక లాటిన్‌లో "ఫోర్టిట్యూడిని" అని ఉంటుంది. అర్థం ఒకటే, ధైర్యానికి. ముందు వైపు ఒక చక్రవర్తి, వెనుక మరొకరి కాలపు అక్షరాలు ఉన్న ముక్కను చూస్తే అక్కడే పక్కన పెట్టేయండి. మెడ కింద చెక్కినవాడి సంతకం ఉంటుంది. కార్ల్ పతకాల మీద కౌచ్ అనే శిల్పి పేరు. సంతకం అక్షరాలు చాలా చిన్నవి. పోతలో మొదట చెదిరేవి అవే.

వెండి పతకానికి ఇంట్లోనే సాంద్రత పరీక్ష చేయవచ్చు. పతకాన్ని తూచండి. తరువాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. పతకాన్ని సన్నని దారంతో వేలాడదీసి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా ముంచండి. త్రాసు చూపే బరువే పతకం ఘనపరిమాణం. మొదటి బరువును దీనితో భాగించండి. ఉదాహరణకు పతకం 15.6 గ్రాములుండి, ముంచినప్పుడు 1.5 గ్రాములు చూపితే, ఫలితం 10.4. మంచి వెండి 10.3కు అటూ ఇటూ వస్తుంది. వెండి పూత పూసిన కంచు, ఇత్తడి అయితే 9 లోపే ఆగిపోతుంది. మన కంసాలి గీటురాయి మీద గీసి చెబుతానంటాడు. ఒప్పుకోకండి, ఆ గీత శాశ్వతంగా ఉండిపోతుంది. అసలు కుట్టు ఉన్న రిబ్బన్‌తో పతకం వస్తే ఈ పరీక్ష కోసం రిబ్బన్ విప్పవద్దు. ఆ కుట్టు పరీక్ష ఫలితం కంటే విలువైనది. జింకు పతకాలను నీళ్లలో ముంచకండి. ఇనుప శిలువకు ఈ లెక్క పనికిరాదు.

అంచు మీద చిన్న గుర్తులుంటాయి. వియన్నా టంకశాలకు "ఎ" అక్షరం. యుద్ధం చివర విలువైన లోహం కరువై చేసిన కొన్ని ముక్కల మీద "ఉనెష్ట్" అని ఉంటుంది. అసలు బంగారమో వెండో కాదని దాని అర్థం. కొత్తవారు ఈ మాటను నకిలీ అని చదివి భయపడతారు. నిజానికి అది ఆ కాలపు ప్రభుత్వం నిజాయతీగా చెప్పుకున్న మాట. బంగారు పూతతో, ఆ గుర్తుతో ఉన్న పతకం అసలు పతకమే. ఆ గుర్తును గీకేసి బంగారపుదని అమ్మినప్పుడే అది మోసం. అంచులో ఒకచోట మాత్రం అరుగుదల ఎక్కువగా ఉంటే భూతద్దం అక్కడే ఆపండి.

వియన్నాలో కొన్ని పాత కార్ఖానాలు సామ్రాజ్యం పోయిన తరువాత కూడా పాత పద్ధతిలో పతకాలు చేసి అమ్మాయి. అచ్చు బాగుంటుంది, చెక్కడం బాగుంటుంది, కాలం మాత్రం తరువాతిది. ఇలాంటి వాటిని పట్టుకోవడానికి రిబ్బన్ కొంత సాయం చేస్తుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే, రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి బట్టలో వాడే తెల్లదనపు రసాయనం నీలంగా వెలుగుతుంది. పాత పట్టు, నూలు వెలగవు. కానీ పాత రిబ్బన్‌ను ఎవరైనా ఈ కాలపు సబ్బు పొడితో ఉతికి ఉంటే అదీ వెలుగుతుంది. వెలగని రిబ్బన్‌ను ఎక్కడి నుంచైనా తెచ్చి కొత్త పతకానికి కుట్టవచ్చు కూడా. రిబ్బన్ ఒక సాక్షి మాత్రమే, తీర్పు చెప్పేది లోహమే.

గాయపడినవారికి కార్ల్ 1917లో పెట్టిన జింకు పతకం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. వెనుక "లేసో మిలిటి", గాయపడిన సైనికుడికి అని. ఎన్నిసార్లు గాయపడితే రిబ్బన్ మధ్య అన్ని ఎర్ర చారలు. అంటే ఇక్కడ కథంతా రిబ్బన్‌లోనే ఉంది, రిబ్బన్ మారిస్తే కథ మారిపోతుంది. ఐదు చారలది ఎక్కువ ధరకు పోతుంది కాబట్టి చారలు పెరిగిన కొద్దీ కుట్టును, దుమ్ము పట్టిన తీరును, మడతల దగ్గర రంగు వెలిసిన వైనాన్ని నిదానంగా చూడండి.

దూరంగా ఉండవలసినవి

నీలి మీనా పనితో ఉండే "పూర్ ల మెరీట్", 1740లో రెండవ ఫ్రీడ్రిష్ స్థాపించిన ప్రష్యన్ గౌరవ చిహ్నం, జర్మన్ సేకరణకు శిఖరం. ఫొటో చూసి దాన్ని కొనవద్దు. ఎంత ధర చెప్పినా, ఎంత తగ్గించినా వద్దు. నకళ్లు అసలు వాటికంటే ఎన్నో రెట్లు. దాన్ని తేల్చడానికి సంవత్సరాల అనుభవమున్న కళ్లు కావాలి. ఆస్ట్రియా వైపు 1757 నాటి మరియా తెరేసా ఆర్డర్‌కూ ఇదే మాట.

1933-45 కాలపు నాజీ పతకాలను నేను సేకరించను, సూచించను. నకిలీల తయారీ అన్నింటికంటే వీటిలోనే ఎక్కువ. జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ సెక్షన్, ఆస్ట్రియాలో 1947 నాటి నిషేధ చట్టం, 1960 నాటి చిహ్నాల చట్టం ఆ గుర్తుల ప్రదర్శనను కట్టడి చేస్తాయి. అక్కడి నుంచి తెప్పించుకోవడం చిక్కులతో కూడినది. మన గడప మీద స్వస్తిక్ శుభచిహ్నం. యూరప్‌లో కోట్ల కుటుంబాలకు అది మరణం గుర్తు. ఆ బాధను అలంకరణ పెట్టెలో పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

విడి పతకమా, కాగితంతో కూడిన గుంపా

ధర రెండింతలైనా సరే, పేరున్న ధ్రువపత్రం, సైనికుడి సేవా పుస్తకం, పతకం కలిసి ఉన్న గుంపునే ఎంచుకోండి. విడి పతకం ఎవరిదో ఎవరికీ తెలియదు. కాగితంలో పేరు, పటాలం, తేదీ, అధికారి సంతకం, ముద్ర ఉంటాయి. వాటిని సరిచూడవచ్చు. జర్మన్ సైన్యం యుద్ధకాలంలో అచ్చువేసిన గాయపడినవారి, మృతుల జాబితాలు మిగిలి ఉన్నాయి కాబట్టి, ప్రష్యన్ సైనికుడైనా గాయపడి ఉంటే పేరు దొరికే అవకాశం ఉంది.

ఒక కడ్డీ మీద వరుసగా కుట్టిన జర్మన్ పతకాల గుంపు వస్తే వెనక్కి తిప్పండి. వెనుక గుడ్డ మీద దశాబ్దాలుగా పతకాలు ఒరుసుకున్న నీడలు ఉంటాయి. ప్రతి పతకం నీడ దాని స్థానంలో ఉందా, దారం అంతటా ఒకటేనా, ఒక చోట మాత్రం కొత్త కుట్టుందా చూడండి. విడి పతకాలు నాలుగు చేర్చి కుడితే మొత్తం ధర పెరుగుతుంది కాబట్టి ఇలాంటి కూర్పులు చాలా ఉన్నాయి.

కథను కొనకండి. ఒకసారి నాకు ఒక ఇనుప శిలువ చూపించి, ఎండెన్ ఓడ నావికుడిదన్నారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టిన ఓడ అది. ఆ పేరు వింటే మనకు గుండె కొట్టుకోవడం సహజం. అమ్మేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. కాగితం లేదు. ఓడ పేరు శిలువ మీద ఎక్కడా లేదు, ఉండదు కూడా. నావికుడికి ఇచ్చినదీ పదాతి సైనికుడికి ఇచ్చినదీ ఒకే శిలువ. ఎండెన్ పేరు తీసేసి మామూలు శిలువ ధర ఎంతో చెప్పమన్నాను. బేరం అక్కడే ఆగింది.

ఎక్కడ కొనాలి

వియన్నాలోని డొరొథేయుమ్ 1707 నుంచి నడుస్తున్న వేలం సంస్థ. జర్మనీలో క్యుంకర్, హెర్మన్ హిస్టోరికా పతకాల వేలాలు వేస్తాయి. పెద్ద వేలంలో కమిషను భారం ఉంటుంది, కానీ వస్తువు వివరణ రాతపూర్వకంగా దొరుకుతుంది, తప్పని తేలితే అడగడానికి ఒక చోటు ఉంటుంది. సంతలో ధర తక్కువ, రేపు అతను అక్కడ ఉండడు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి కొనేటప్పుడు అంచు, రింగు, వెనుక వైపు, త్రాసు మీద బరువు కనబడే ఫొటోలు అడగండి. ఇవ్వడానికి తటపటాయించేవారి దగ్గర కొనవద్దు. చవకైన కార్ల్ శిలువకు సంత సరిపోతుంది. ధైర్య పతకం వెండిదైతే పేరున్న వ్యాపారి. బంగారపుదైతే వేలం తప్ప మరోచోట వద్దు.

భారతదేశానికి తెప్పించే ముందు కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో కనుక్కోండి. వందేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. కనుక రేపు తిరిగి విదేశానికి అమ్మాలనుకుంటే, పురావస్తు శాఖను అడగకుండా పార్శిల్ చేయకండి. కొన్న రసీదు, దిగుమతి కాగితం పతకంతోపాటే దాచుకోండి.

ఇంటికి వచ్చాక

పూజ సామాను తోమినట్లు తోమవద్దు. చింతపండు, విభూతి, నిమ్మకాయ, వెండి మెరుగు ద్రవం ఏదీ వద్దు. వందేళ్ల నలుపు ఒకసారి పోతే తిరిగి రాదు, దానితో పాటు సగం విలువ, సగం సాక్ష్యం పోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. జింకు, ఇనుము తేమకు లొంగిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి దాచండి, వర్షాకాలంలో నెలకొకసారి పొట్లం మార్చండి. రబ్బరు బ్యాండు వెండిని నల్లగా చేస్తుంది. పీవీసీ కవర్లలోంచి వచ్చే జిగురు లోహాన్ని తింటుంది. కొన్ని రకాల చెక్క పెట్టెల్లోంచి వెలువడే ఆమ్లపు ఆవిరి కూడా జింకుకు హాని చేస్తుంది కాబట్టి ఇనుప బీరువా మేలు.

ప్రతి పతకానికి ఒక చీటీ రాయండి. కొన్న తేదీ, ఎక్కడ, ఎంతకు, బరువు, వెడల్పు, అంచు ఫొటో, ఏ పరీక్షలు చేశారు, ఏది తేలలేదు. తేలని సంగతిని తప్పకుండా రాయండి. రేపు మీ పిల్లలు దాన్ని అమ్మినా, మరొక సేకర్తకు ఇచ్చినా, చీటీ పతకంతోనే వెళ్లాలి.